అగేట్, ఓనిక్స్, కార్నీలియన్, జాస్పర్... ఏది ఏదో ఎట్లా గుర్తుపట్టేది? కాల్సెడనీ రాళ్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల, గాంధీరోడ్డులో, కొండ మీద షాపుల్లో మాలలు, ఉంగరం రాళ్లు కొనుక్కొని వచ్చి "అన్నా ఇది అసలుదేనా, దీని పేరేంది" అని అడిగేవాళ్లు చాలామంది, చిత్తూరు, పలమనేరు, మదనపల్లె నుంచి వాట్సాప్‌లో ఫోటో పెట్టి అడిగేవాళ్లు ఇంకొంతమంది. అందరివీ దాదాపు అవే డౌట్లు కాబట్టి అన్నీ ఒకచోట పెడతా ఉన్నా. మొత్తం చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తా: ఈ రాళ్లలో రంగు చూసి పేరు పెట్టొద్దండి, ఎందుకంటే వీటిలో అన్నిటికన్నా సులభంగా మార్చగలిగేది రంగే. వెలుతురు లోపలికి పోతోందా లేదా, గీతలు ఎట్లా ఉన్నాయి అనేది ముందు చూడాలి, రంగు ఆఖర్న.

## కొనకముందు

కాల్సెడనీ అంటే ఏం రాయి? అగేట్ వేరు, ఇది వేరా?

వేరు కాదు. కాల్సెడనీ అనేది ఇంటిపేరు అనుకోండి, అగేట్, ఓనిక్స్, కార్నీలియన్, క్రిసోప్రేజ్, బ్లడ్‌స్టోన్, జాస్పర్ ఇవన్నీ ఆ ఇంట్లోవాళ్లే. పదార్థం ఒకటే, సిలికా. మనం పూజలో పెట్టుకునే స్ఫటికం కూడా సిలికానే, కాకపోతే స్ఫటికంలో ఒకే పెద్ద క్రిస్టల్ ఉంటుంది, కాల్సెడనీలో కంటికి కనపడనంత సన్నటి క్వార్ట్జ్ పోగులు కోట్లకొద్దీ అల్లుకొని ఉంటాయి, వాటి మధ్య మోగనైట్ అనే ఇంకో రకం సిలికా కూడా కొంచెం కలిసి ఉంటుంది. అందుకే స్ఫటికం నీళ్ల మాదిరి తేటగా ఉంటే కాల్సెడనీ మబ్బుగా, మైనం రాసినట్టు మెత్తటి మెరుపుతో ఉంటుంది. ఆ పోగుల మధ్య ఉండే సన్న సందుల వల్లే ఇది రంగు బాగా పీలుస్తుంది కూడా. గట్టిదనం మోస్ స్కేల్‌లో (రాళ్ల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా ఉండే కొలత, వజ్రం 10) 6.5 నుంచి 7, సాంద్రత 2.6 దగ్గర్లో.

షాపులో హకీక్ అంటారు, ఆన్‌లైన్‌లో అగేట్ అని ఉంది, రెండూ ఒకటేనా?

ఒకటే. జైపూర్, గుజరాత్‌లోని ఖంభాత్ వ్యాపారుల దగ్గర అగేట్‌ని హకీక్ అనే అంటారు, మన షాపులకి సరుకు అటునుంచి వస్తుంది కాబట్టి ఆ మాట ఇక్కడికీ వచ్చేసింది. సులేమానీ హకీక్ అంటే నలుపు లేక ముదురు గోధుమ రంగు మీద తెల్ల గీతలు ఉండే అగేట్. అయితే కొంతమంది గీతలు లేని కాల్సెడనీ పూసలన్నిటినీ కూడా హకీక్ అనేస్తా ఉంటారు, కాబట్టి పేరు వినేసి గమ్మున కొనొద్దు, రాయి చూడండి.

నవరత్నాల్లో ఇది ఏది?

ఏదీ కాదు. వజ్రం, కెంపు, నీలం, పచ్చ, పుష్యరాగం, ముత్యం, పగడం, గోమేధికం, వైడూర్యం, ఈ తొమ్మిదిలో కాల్సెడనీ రాయి ఒక్కటీ లేదు. జ్యోతిష్యం ప్రకారం పెట్టుకునేవాళ్లకి ఉపరత్నం కింద ఇస్తారు, ఉదాహరణకి పచ్చ కొనలేనివాళ్లకి బుధుడికి గ్రీన్ ఓనిక్స్. ఉపరత్నం అని చెప్పి ఉపరత్నం ధరకి అమ్మితే అందులో తప్పేం లేదు. పచ్చ అని చెప్పి గ్రీన్ ఓనిక్స్ ఇస్తేనే మోసం.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో దొరకతాయా? తిరుమల కొండ రాయి కూడా ఇదేనా?

తిరుమల కొండ రాయి క్వార్ట్జైట్. ఒకప్పటి సముద్రపు ఇసుక గట్టిపడి, రేణువుకి రేణువు అతుక్కుపోయి అయిన రాయి అది. శిలాతోరణం కూడా అదే రాయి. ఘాట్ రోడ్డులో ఒకచోట కింద పాత గ్రానైట్, దాని మీద ఈ క్వార్ట్జైట్ పొరలు కూర్చున్న హద్దు స్పష్టంగా కనపడుతుంది, దాన్ని జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. కెమిస్ట్రీ చూస్తే క్వార్ట్జైట్‌లోనూ సిలికానే ఉంది కానీ లెన్స్‌లో చూస్తే ఇసుక రేణువులు కనపడతాయి, కాల్సెడనీలో ఏ రేణువూ కనపడదు. ఇంకో విషయం, శేషాచలం కొండలు రక్షిత అడవి, అక్కడ రాళ్లు ఏరుకొని రావొద్దు.

మన దేశంలో మంచి అగేట్లు ఎక్కువగా దక్కన్ లావా రాళ్లలో పుట్టాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద లావా చల్లారేటప్పుడు గాలిబుడగలు ఖాళీలుగా మిగిలిపోతే, ఆ ఖాళీల్లోకి సిలికా నీళ్లు దిగి పొర మీద పొర గడ్డకట్టినాయి. మహారాష్ట్రలో చాలాభాగం, గుజరాత్, మధ్యప్రదేశ్‌లో కొంతభాగం ఆ రాయే. ఆ ప్రాంతం మీదుగా వచ్చే గోదావరి, కృష్ణ నదుల గులకరాళ్లలో అగేట్లు దొరికేది అందుకే. మన దగ్గర ఉన్నది గ్రానైట్, నైస్ (గ్రానైట్ మాదిరే ఉండే చారల రాయి) నేల, స్వర్ణముఖి ఇసుకలో తెల్లగా మెరిసేవి చాలావరకు మామూలు క్వార్ట్జ్ ముక్కలు.

బాణలింగం, సాలగ్రామం కూడా ఈ రాళ్లేనా?

నర్మదలో దొరికే బాణలింగాల్లో చాలావాటిది సన్నటి సిలికా రాయి, ఇనుము వల్ల ఎర్రటి, గోధుమ రంగు మచ్చలు ఉంటాయి, కాబట్టి జాస్పర్‌కి దగ్గర అనొచ్చు. సాలగ్రామం అసలు సంబంధం లేని రాయి, నేపాల్ గండకీ నదిలో దొరికే నల్లటి షేల్ (బురద గట్టిపడి అయిన రాయి), లోపల అమ్మోనైట్ అనే పాతకాలపు సముద్రజీవి చక్రం ముద్ర ఉంటుంది. పూజలో ఉన్నవాటి మీద గీతలు పెట్టి, యాసిడ్ వేసి పరీక్షలు చేయొద్దు, అవసరం కూడా లేదు.

## ఏది ఏదో గుర్తుపట్టేటప్పుడు

అగేట్‌కీ గీతలే, ఓనిక్స్‌కీ గీతలే, మరి తేడా ఏంది?

గీత వంకరగా పోతోందా, తిన్నగా పోతోందా చూడండి. అగేట్‌లో గీతలు రాయి ఆకారాన్ని బట్టి వంపులు తిరుగుతా, ఒకదాని లోపల ఒకటి చుట్టుకుంటా పోతాయి. ఓనిక్స్‌లో గీతలు స్కేల్ పెట్టి గీసినట్టు సమాంతరంగా ఉంటాయి, మామూలుగా నలుపు తెలుపు. అదే తిన్నని గీతలు ఎరుపు గోధుమ రంగు, తెలుపు కలిసి ఉంటే సార్డోనిక్స్. కాకపోతే మార్కెట్‌లో ఈ నియమం ఎవరూ పాటించరు, గీత ఒక్కటి కూడా లేని నల్ల రాయిని బ్లాక్ ఓనిక్స్ అని, ఆకుపచ్చదాన్ని గ్రీన్ ఓనిక్స్ అని, ఎర్రదాన్ని రెడ్ ఓనిక్స్ అని అమ్ముతారు. అవి రంగేసిన కాల్సెడనీలు.

జాస్పర్ ఏదో అగేట్ ఏదో సులభంగా చెప్పే దారి ఉందా?

ఫోన్ టార్చ్ చాలు. రాయి వెనక టార్చ్ ఆనించి పెట్టండి, అంచుల్లో అయినా వెలుతురు దిగితే అగేట్ లేక ఇంకో కాల్సెడనీ, పల్చటి అంచులో కూడా వెలుతురు రాకపోతే జాస్పర్. జాస్పర్‌లో మట్టి, ఐరన్ ఆక్సైడ్ లాంటివి బాగా కలిసి ఉంటాయి, ఒక్కోసారి 20 శాతం దాకా, అందుకే వెలుతురు ఆగిపోతుంది. ఒకే రాయిలో సగం దిగి సగం దిగకపోతే కంగారు పడొద్దు, రెండూ కలిసి పుట్టడం మామూలే.

మాస్ అగేట్‌లో గీతలే లేవు, లోపల చెట్టు కొమ్మల మాదిరి ఉంది, ఎవరైనా గీసి పెట్టారా?

లేదు, సహజంగా వచ్చేదే. పాలరంగు కాల్సెడనీ లోపల ఆకుపచ్చ ఖనిజాలు పాచి మాదిరి అల్లుకుంటే మాస్ అగేట్, మాంగనీస్, ఐరన్ ఆక్సైడ్లు నల్లగా, గోధుమ రంగులో కొమ్మలు వేస్తే డెండ్రిటిక్ అగేట్. గీతలు లేకపోయినా పేరు అట్లా నిలబడిపోయింది. ఉత్తరప్రదేశ్ బాందా దగ్గర కెన్ నదిలో దొరికే ఈ కొమ్మల రాయిని షజర్ అంటారు, చాలా అందంగా ఉంటుంది, ఎవరైనా తెచ్చి ఇస్తే వదులుకోవద్దు. అసలుదైతే లెన్స్‌లో చూసినప్పుడు కొమ్మలు వేరే వేరే లోతుల్లో కనపడతాయి, రాయి తిప్పేకొద్దీ ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి. అంతా ఒకే మట్టంలో అతికించినట్టు ఉంటే అనుమానించండి.

కార్నీలియన్ అంటే ఎర్ర రాయేనా? సార్డ్ అని ఇంకోటి చెప్తారే?

నారింజ నుంచి ఎరుపు దాకా ఉండి, వెలుతురు దిగే కాల్సెడనీని కార్నీలియన్ అంటారు, రంగు గోధుమ వైపు పోయి ముదురుగా ఉంటే సార్డ్. మధ్యలో గట్టి హద్దు ఏం లేదు, ఇద్దరు వ్యాపారులు ఒకే రాయికి రెండు పేర్లు చెప్పొచ్చు, ఇద్దరూ తప్పు కాదు.

దీంట్లో తెలుసుకోవాల్సింది వేడి సంగతి. గుజరాత్‌లో భరూచ్ జిల్లా రతన్‌పూర్ దగ్గర తవ్వే రాళ్లు పచ్చి మీద ఎక్కువగా పసుపు, మట్టి రంగులో ఉంటాయి, వాటిని ఎండలో పెట్టి, తర్వాత కుండల్లో పెట్టి పిడకల సెగలో నిదానంగా కాలుస్తారు. లోపలున్న పసుపు ఇనుము ఖనిజంలో నీటి అంశం పోయి అది ఎర్రటి హెమటైట్ అయిపోతుంది, రాయి ఎర్రబడుతుంది. హరప్పా కాలం నుంచి మనవాళ్లు చేస్తా ఉన్న పని ఇది, అక్కడి పొడుగాటి కార్నీలియన్ పూసలు ఇప్పటి ఇరాక్‌లో ఉర్ నగరపు రాజుల సమాధుల్లో దొరికాయి. వేడి చేసిన కార్నీలియన్‌ని నకిలీ అనకూడదు, అది దాని సొంత రంగే. రంగు నీళ్లలో ఊరబెట్టిన అగేట్‌ని కార్నీలియన్ అని అమ్మడం మాత్రం వేరే సంగతి, టార్చ్‌లో చూస్తే దాంట్లో చారలు బయటపడతాయి, అసలుదాంట్లో రంగు మబ్బు మాదిరి అక్కడక్కడా ఎక్కువ తక్కువగా పరుచుకొని ఉంటుంది.

ఆకుపచ్చ రాళ్లు ఎన్నో ఉన్నాయి, క్రిసోప్రేజ్, గ్రీన్ ఓనిక్స్, అవెంచరిన్, జేడ్... అన్నీ ఒకేలా కనపడతాయి, ఏం చేయాలి?

ఎక్కువ డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

క్రిసోప్రేజ్‌కి పచ్చదనం నికెల్ వల్ల వస్తుంది. గ్రీన్ యాపిల్ రంగు, గీతలు ఉండవు, వెలుతురు దిగుతుంది, అక్కడక్కడా అది పుట్టిన చోటి తెల్లటి లేక గోధుమ రంగు రాయి అంటుకొని ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ మార్ల్‌బరో దగ్గరివి పేరున్నవి. ఈ కుటుంబంలో ధర బాగా పలికేది ఇదే.

గ్రీన్ ఓనిక్స్ అంటే క్రోమియం లవణాలతో రంగు పట్టించి వేడి చేసిన కాల్సెడనీ. రంగు ముదురుగా, నీలం ఛాయతో, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఒకే తీరుగా ఉంటుంది, మచ్చా మబ్బూ ఏం ఉండవు. పెద్ద రాయి కూడా చవగ్గా దొరుకుతుంది. చెల్సీ ఫిల్టర్ (రాళ్లు పరీక్షించే చిన్న రంగు అద్దం) ఉంటే దాంట్లోంచి చూడండి, క్రోమియం రంగు రాయి చాలాసార్లు గులాబీ ఛాయలో కనపడుతుంది, క్రిసోప్రేజ్ ఆకుపచ్చగానే ఉండిపోతుంది.

అవెంచరిన్ కాల్సెడనీ కాదు, క్వార్ట్జైట్ రకం. లెన్స్‌లో చూస్తే ఆకుపచ్చ అభ్రకం రేకులు తళుక్కుమంటాయి, ఆ తళుకు కనపడితే ఇంక ఆలోచించే పని లేదు. ఇండియన్ జేడ్ అని అమ్మేది దీన్నే.

అసలు జేడ్ చేతిలో పట్టుకుంటేనే బరువు తెలుస్తుంది, నెఫ్రైట్ సాంద్రత 3 దగ్గర, జేడైట్ 3.3 దగ్గర, కాల్సెడనీ 2.6. ఇక పచ్చ అని చెప్పి గ్రీన్ ఓనిక్స్ ఇచ్చారేమో అనిపిస్తే, ముఖాలు కోసిన రాయి పైనుంచి లోపలికి లెన్స్‌తో చూడండి, పచ్చలో అడుగు ముఖాల అంచులు, మధ్యలో సన్న పగుళ్లు స్పష్టంగా కనపడతాయి, గ్రీన్ ఓనిక్స్‌లో పొగమంచులోంచి చూసినట్టు అంచులు మసకబారతాయి.

బ్లడ్‌స్టోన్ అంటే ఎర్రగా ఉండాలి కదా, నాకిచ్చింది ఆకుపచ్చ?

సరైనదే ఇచ్చారు. ముదురు ఆకుపచ్చ మీద ఐరన్ ఆక్సైడ్ ఎర్ర చుక్కలు ఉంటే బ్లడ్‌స్టోన్, దీని ఇంకో పేరు హీలియోట్రోప్. చుక్కలు తక్కువగా ఉండటం మామూలే.

టైగర్ ఐ కూడా ఇదే కుటుంబమా?

షాపులో ఒకే ట్రేలో పెడతారు కానీ కాదు. అది పట్టు మాదిరి కదిలే మెరుపు ఉండే క్వార్ట్జ్. వైడూర్యం కూడా కాదు, అసలు వైడూర్యం క్రిసోబెరిల్ అనే వేరే ఖనిజం, దాని లెక్క వేరు, ధర వేరు.

## షాపులో నిలబడినప్పుడు

బ్లాక్ ఓనిక్స్ నేచురల్ అని గ్యారంటీ ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా?

రాయి నేచురల్, నలుపు కాదు. మార్కెట్‌లో ఉన్న బ్లాక్ ఓనిక్స్ దాదాపు అంతా రంగు పట్టించిందే. ఎట్లా చేస్తారంటే, బూడిద రంగు కాల్సెడనీని చిక్కటి చక్కెర నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు, చక్కెర పోగుల సందుల్లోకి దిగిపోతుంది, తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేస్తే లోపలి చక్కెర అక్కడికక్కడే బొగ్గయిపోతుంది. అంటే ఆ నలుపు కార్బన్. జర్మనీలో ఇడార్ ఓబర్‌స్టైన్ ఊరి పనివాళ్లు 19వ శతాబ్దంలో ఇట్లాంటి రంగుల పనికి పేరు పడినారు. ఈ నలుపు చెమటకి, నీళ్లకి పోదు, ట్రేడ్‌లో అందరూ ఒప్పుకునే పద్ధతే ఇది. కాబట్టి కొనడంలో భయం లేదు, కానీ నేచురల్ నలుపు అని ఎక్కువ ధర చెప్తే మాత్రం ఇవ్వొద్దు.

రంగేసిందని షాపులోనే ఎట్లా తెలుస్తుంది?

10ఎక్స్ లెన్స్ (పది రెట్లు పెద్దగా చూపించేది) ఒకటి జేబులో పెట్టుకోండి, పెద్ద ఖర్చేం కాదు. పూసల మాల అయితే దారం పోయే రంధ్రం అంచు చూడండి, పగుళ్లలో చూడండి, రంగు అక్కడ పేరుకొని ముదురుగా ఉంటే వేసిన రంగే. గీతల అగేట్ అయితే కొన్ని పొరలు రంగు బాగా పీల్చుకొని పక్క తెల్ల పొరలు అసలు పీల్చుకోకుండా ఉంటాయి, గట్టి గులాబీ, ఊదా, నెమలి నీలం గీతల పక్కన తెల్లగా మిగిలిపోయిన గీతలు కనపడతాయి. అగేట్ ప్లేట్లు, కోస్టర్ల మీద కనపడే ఆ మెరుపు గులాబీ, ఊదా రంగులు భూమిలో పుట్టినవి కావు. సహజమైన నీలం కాల్సెడనీ కూడా లేతగా, కొంచెం బూడిద కలిసి ఉంటుంది, ఇంకు నీలం ఉందంటే రంగే.

గాజు పూసలు ఇచ్చారేమోనని అనుమానం, ఏం చూడాలి?

చెంపకి ఆనించండి, రాయి చల్లగా ఉండి ఆ చల్లదనం కొంతసేపు నిలుస్తుంది, గాజు తొందరగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కి చల్లదనమే తెలియదు. తిరుపతి ఎండలో బయట వేలాడదీసిన మాలకి ఈ పరీక్ష పని చేయదు. అప్పుడు లెన్స్‌తో లోపల గుండ్రటి గాలిబుడగలు ఉన్నాయా, తేనె కలిపినట్టు సుడులు ఉన్నాయా చూడండి, ఉంటే గాజే. మాలలో పూసలన్నీ రంగులో, సైజులో అచ్చు గుద్దినట్టు ఒక్కటే ఉన్నా ఆలోచించాల్సిందే.

పగడం అని ఇచ్చారు, కార్నీలియన్ ఏమోనని డౌట్

పగడం సముద్రజీవుల గూడు, కాల్షియం కార్బొనేట్, గట్టిదనం 3 నుంచి 4 మాత్రమే. టార్చ్ పెడితే కార్నీలియన్ లోపల నారింజగా వెలుగుతుంది, పగడంలో వెలుతురు పెద్దగా దిగదు. లెన్స్‌లో పగడం మీద పొడుగునా సన్నటి నిలువు చారలు కనపడతాయి. నిమ్మరసం వేసి చూడమని కొందరు చెప్తారు, వద్దు, అసలు పగడమైతే దాని పాలిష్ పోతుంది. తూకం పెట్టినా తేలదు, రెండిటి సాంద్రత దాదాపు ఒకటే.

ఓనిక్స్ గిన్నెలు, వినాయకుడి బొమ్మలు చవగ్గా ఉన్నాయి, అదే ఓనిక్స్ ఆ?

కాదు. అది ఓనిక్స్ మార్బుల్, కాల్సైట్ రాయి, గట్టిదనం 3. చాకు మొనతో అడుగున గీస్తే గీత పడుతుంది, కాల్సెడనీ మీద పడదు. అందంగానే ఉంటుంది కానీ నిమ్మకాయ, చింతపండు పులుసు తగలనివ్వొద్దు, తినేస్తుంది.

## ఇంటికి తెచ్చుకున్నాక

ఇంట్లోనే తూకంతో పరీక్ష చేయొచ్చంటారు, ఎట్లా?

చేయొచ్చు, చాలా నమ్మకమైన పరీక్ష, రాయికి దెబ్బ తగలదు. విడి రాయి కావాలి, బంగారంలో పొదిగింది పనికిరాదు. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న పాకెట్ తూకం తీసుకోండి. ముందు పొడి రాయి బరువు రాసుకోండి. తర్వాత తూకం మీద చిన్న ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చేయండి. రాయిని సన్న దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకి గానీ పక్కలకి గానీ తగలకూడదు, రాయికి అంటుకున్న గాలిబుడగల్ని దారం ఊపి వదిలించండి. ఇప్పుడు తూకం ఎంత చూపిస్తే పొడి బరువుని దాంతో భాగించండి, వచ్చేదే సాంద్రత.

పొడి బరువు 13 గ్రాములు, నీళ్లలో వేలాడదీస్తే 5 చూపించింది అనుకోండి, 13ని 5తో భాగిస్తే 2.6, కాల్సెడనీకి సరిపోయింది. గోమేధికం అని కొన్న రాయికి 2.6 వచ్చిందంటే అది గోమేధికం కాదు, ఎందుకంటే అసలు గోమేధికం హెస్సొనైట్ గార్నెట్, దానికి 3.6 దగ్గర రావాలి. కార్నీలియన్, సార్డ్ రాళ్లని గోమేధికం అని అంటగడతారు కాబట్టి ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది. 2.1 దగ్గర వస్తే ఒపాల్ కావొచ్చు, 1.5 లోపు వస్తే ప్లాస్టిక్. స్ఫటికానికి కూడా 2.65 వస్తుంది కాబట్టి క్వార్ట్జ్‌కీ కాల్సెడనీకీ మధ్య తేడా మాత్రం దీంతో చెప్పలేం, అక్కడ కంటిచూపే. 5 క్యారెట్లు అంటే 1 గ్రామే, అంత చిన్న రాయికి రెండు మూడుసార్లు తూచి సగటు తీసుకోండి.

అద్దం మీద గీస్తే తెలిసిపోతుందంట కదా?

అద్దం గట్టిదనం 5.5 దగ్గర, కాల్సెడనీ దాన్ని గీస్తుంది. కానీ క్వార్ట్జ్, గార్నెట్, పచ్చ అన్నీ గీస్తాయి కాబట్టి గీత పడితే రాయి పేరు తెలియదు, గాజు కాదు అని మాత్రం తెలుస్తుంది. పాలిష్ రాయి అంచు చిట్లే ప్రమాదం కూడా ఉంది. నా సలహా, ఉంగరం రాయితో చేయొద్దు.

నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిస్తే రంగు రాలేదు, అంటే ఒరిజినల్ రంగేనా?

అట్లా అనుకోవద్దు. దూది ముంచి వెనక వైపు రుద్దితే దూదికి రంగు అంటిందా, నాసిరకం రంగు అని ఖాయం. అంటకపోతే ఏమీ రుజువు కాదు, క్రోమియంతో, ఇనుముతో, చక్కెర బొగ్గుతో పట్టించిన రంగులు రిమూవర్‌లో ఉండే అసిటోన్‌కి కదలవు.

సర్టిఫికెట్‌లో కాల్సెడనీ, డైడ్ అని రాసి ఉంది, షాపువాళ్లు అదేం పర్వాలేదంటారు

డైడ్ అంటే రంగు పట్టించింది అని ల్యాబ్ తేల్చేసింది. రాయి అసలు కాల్సెడనీయే, రంగు బయటది. జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్‌లు, జైపూర్‌లో ఒకప్పుడు జెమ్ టెస్టింగ్ ల్యాబొరేటరీ అనే పేరుతో ఉన్న ఐఐజీజే ల్యాబ్ ఇట్లా స్పష్టంగా రాస్తాయి. రిపోర్ట్ మీద నేచురల్ అనే మాట ఒక్కటే చూసి ఆగిపోకుండా కింద ట్రీట్‌మెంట్, కామెంట్స్ అని ఉండే లైను కూడా చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. మామూలు అగేట్ మాలకి సర్టిఫికెట్ ఖర్చు దండగ, క్రిసోప్రేజ్ అని పెద్ద ధర పెట్టేటప్పుడు మాత్రం అడగాల్సిందే.

రోజూ వేసుకోవచ్చా? రంగు పోతుందా?

వేసుకోవచ్చు, ఉంగరంలో రోజువారీ వాడకానికి తట్టుకునే రాళ్లే ఇవి. వంట, అంట్లు, బట్టల సబ్బు, బ్లీచింగ్ పని ఉన్నప్పుడు తీసి పెట్టండి, ముఖ్యంగా రంగేసిన రాళ్లు. కడగాలంటే గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్, అంతే. క్రిసోప్రేజ్‌ని ఎండ తగిలే కిటికీలో గానీ కారు డ్యాష్‌బోర్డ్ మీద గానీ పెట్టి వదిలేయొద్దు, వేడికి తేమ పోయి రంగు వెలిసిపోతుంది. గులాబీ, ఊదా రంగేసిన అగేట్లు కూడా ఎండకి వెలుస్తాయి. నీలం, కెంపు, వజ్రం ఉన్న డబ్బాలో వీటిని కలిపి పడేయొద్దు, అవి గట్టివి, వీటి మీద గీతలు పెడతాయి. మాల దారం తెగే ముందు పూసల మధ్య సందులు సాగినట్టు కనపడతాయి, అప్పుడే కొత్త దారానికి ఇచ్చేయండి, పూసకీ పూసకీ మధ్య ముడి వేయమని చెప్పండి.